బావ భుజాలెక్కిన వేసవి

పోయిన ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో స్మోక్ అలారం కూయడం మొదలుపెట్టింది. ఇలాంటివి తెల్లవారుజామునే మొదలవుతాయని అందరూ చెప్పుకుంటారుగానీ, మాది పద్ధతైన అలారం. భోజనాలయ్యాక, అందరూ మెలకువగా ఉన్నప్పుడు, పిచ్చుకపిల్ల అరిచినట్టు ఉండుండి ఒక్కసారి అరిచి, తన బ్యాటరీ అయిపోయిందని మర్యాదగా తెలియజేసింది. ఎడ్మంటన్‌లో ఈ కొత్త ఇళ్ళు కట్టేవాళ్ళకి ఎవరిమీద కోపమో తెలియదు, ఆ అలారాన్ని తీసుకెళ్ళి సరిగ్గా మెట్ల పైన, కప్పు అన్నిటికంటే ఎత్తుగా ఉన్నచోట బిగిస్తారు. మెట్టు మీద కుర్చీ నిలవదు, మా నిచ్చెనేమో కిందటి ఆకురాలే కాలంలో పక్కింటికి వెళ్ళి అక్కడే స్థిరపడిపోయింది. నేను కింద నిలబడి, చంద్రుణ్ణి చూపిస్తే అన్నం తినే పిల్లాడిలా పైకి చూస్తూ ఉంటే, మా ఆవిడ వంటగదిలోంచి, ఇలాంటప్పుడు మీ బావ ఉంటే బావుండేది అంది. అంతే, ఆ ఒక్క మాటకి నాకు మెట్లు, అలారం, ఆదివారం అన్నీ కరిగిపోయి, గాలిలో దూది ఎగురుతున్న ఒక పచ్చటి మైదానం, దాని మధ్యలో అందరికంటే ఎత్తుగా ఒక తల కనిపించాయి.

జ్ఞాపకాలు రాసే వయసు నాకింకా రాలేదని తెలుసు. నలభై దాటనివాడు ఆ రోజుల్లో అని మొదలుపెడితే పెద్దవాళ్ళు నవ్వుతారు. కానీ మన బ్యాచ్ వాళ్ళకి, అంటే స్టడీ పర్మిట్ మీద కెనడాలో దిగి, శాశ్వత నివాసపు పీఆర్ కోసం మెయిల్ రిఫ్రెష్ చేసుకుంటూ, బేస్‌మెంట్ కిటికీలోంచి లోకంలోని మనుషుల చెప్పులు మాత్రమే చూస్తూ ఇరవైలు గడిపేసినవాళ్ళకి, ఒక్కో చలికాలం రెండేళ్ళ కింద లెక్క. ఆ లెక్కన నేను రిటైరై చాలాకాలమైంది.

బావ అంటే మా మేనమామ కొడుకు, నాకంటే రెండేళ్ళు పెద్ద. ఒంగోలు పక్కన మా వంశంలో మగవాళ్ళం ఎవరమూ అయిదున్నర అడుగులు దాటి ఎరగం. మామయ్య అయితే బ్యాంకులో కౌంటర్ వెనక కూర్చుంటే కుర్చీ ఖాళీగా ఉందనుకుని జనం వెనక్కి వెళ్ళిపోయేవారని మా అమ్మే చెప్పేది. అటువంటి ఇంట్లో ఆరడుగుల నాలుగంగుళాల బావ ఎలా పుట్టుకొచ్చాడో ఎవరికీ అంతుపట్టక, చివరికి ఆ నేరం ఒక ముత్తాత మీదకి తోసేశారు. ఆయన ఫొటో లేదు, చూసినవాళ్ళు లేరు. అదే ఆయనకి కలిసొచ్చింది. నా చిన్నప్పుడు ఆయన గడప దాటాలంటే తల వంచేవాడని చెప్పుకునేవాళ్ళు, నేను ఇంటర్‌కొచ్చేసరికి అరుగు మీద నిలబడి పెంకు సర్దేవాడన్నారు, మొన్న ఎవరో పెళ్ళిలో, ఏనుగు మీద కూర్చున్నవాడితో నిలబడి మాట్లాడేవాడని కూడా విన్నాను.

బావకి మాత్రం తన ఎత్తు ఎప్పుడూ ఒక అద్దె బాకీలాగే ఉండేది. సినిమా హాల్లో వెనకవాళ్ళకి అడ్డమని ఒరిగి కూర్చునేవాడు, గ్రూప్ ఫొటోలో మోకాళ్ళు వంచి నిలబడేవాడు. ఎడ్మంటన్‌లో మేమిద్దరం అద్దెకున్న బేస్‌మెంట్‌లో హీటింగ్ గొట్టాలు కప్పు కింద నుంచి వెళ్ళేవి, వాటితో బావ నుదుటికి రోజూ పలకరింపు ఉండేది. బావని సెల్ టవర్ అనీ, ఇంట్లో సిగ్నల్ రాకపోతే కాస్త ఎడమవైపు జరగమనీ నేను అంటూ ఉండేవాణ్ణి. మేనబావని ఆ మాత్రం అనకపోతే చుట్టరికానికే అవమానం. బావ నవ్వేవాడు. ఆ నవ్వు కూడా వంగి నవ్వేవాడు, ఎదుటివాడికి అందాలని.

మేం ఆ మైదానానికి వెళ్ళింది నిజానికి క్రికెట్ కోసం. రివర్ వ్యాలీ అంచున, పాప్లార్ చెట్లు చుట్టూ కాపలా కాసినట్టున్న ఒక పెద్ద పార్కులో మావాళ్ళు ప్రాక్టీసుకి గ్రౌండ్ బుక్ చేశారు. తీరా వెళితే బుకింగ్ ఏదో తారుమారై, అక్కడ చేతుల్లేని బనియన్లు వేసుకున్న కొంతమంది కోడిగుడ్డు ఆకారంలో ఉన్న ఒక ఎర్ర బంతిని ఆకాశంలోకి తన్నుకుంటున్నారు. ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ అట. ఈ చలిదేశంలో ఆ ఆటేమిటి అని మనం అడగకూడదు, ఈ చలిదేశంలో మన పప్పుచారేమిటి అని వాళ్ళు అడగలేదు కదా. అంతలో ఒక బంతి గాలికి దారితప్పి మావైపు వచ్చింది. బౌండరీ దగ్గర సంచి మోస్తున్న బావ, క్రికెట్ అలవాటు కొద్దీ, సంచి వదిలేసి రెండడుగులు వెనక్కి వేసి, ఎగిరి, తలకి చాలా పైన రెండు చేతులా ఆ బంతిని అందుకున్నాడు. అవతలి నుంచి ఒక బట్టతల ఆస్ట్రేలియా పెద్దమనిషి, పోగొట్టుకున్న కొడుకు కనబడినట్టు పరిగెత్తుకొచ్చాడు. ఆయనే ఆ క్లబ్ కోచ్. నా ఎత్తు చూసి ఆయన మొహంలో ఏ భావమూ కలగలేదుగానీ, పక్కనున్నాడు కాబట్టి నన్ను కూడా రమ్మన్నాడు. జట్టుకి పద్దెనిమిది మంది ఉండాల్సిన ఆట అది, వీళ్ళకి తొమ్మిదిమంది దొరికితే పండగ.

ఆట గురించి ఎక్కువ చెప్పి విసిగించను. కాస్త దూరం నుంచి తన్నిన బంతిని నేల తాకకముందే పట్టుకుంటే దాన్ని మార్క్ అంటారు. మార్క్ పట్టినవాణ్ణి ఎవరూ ముట్టుకోకూడదు, వాడు తాపీగా వెనక్కి నడిచి, గురి చూసుకుని తన్నుకోవచ్చు. మధ్యలో రెండు పెద్ద స్తంభాల నడుమ వెళితే ఆరు పాయింట్లు, వాటికి అటూ ఇటూ ఉన్న చిన్న స్తంభాల లోపలికి వెళితే ఒకటి. అందుకని గోల్ ముందు ఒక పొడుగువాణ్ణి నిలబెట్టి బంతిని ఎత్తుగా వాడివైపు తంతారు. అసలు విచిత్రం ఇక్కడుంది. కళ్ళు బంతి మీదే ఉన్నంతవరకు, ముందున్నవాడి వీపు మీద మోకాలు ఆనించి, అవసరమైతే భుజాల మీదకెక్కి మరీ ఆ బంతిని పట్టుకోవచ్చు. తప్పు కాదు సరికదా, చప్పట్లు కొడతారు.

మనకి కాలు తగిలితే ఏం చేస్తామో మీకు నేను చెప్పక్కర్లేదు. బస్సులో ముక్కూమొహం తెలియనివాడికి తగిలినా వేళ్ళతో వాణ్ణి తాకి కళ్ళకద్దుకుంటాం, ఆ చెయ్యి దానంతటదే లేస్తుంది. మామయ్య పెంపకంలో బావకి అది మరీ వేగంగా లేచేది. మొదటి మ్యాచ్‌లో, బంతి చాలా ఎత్తున వచ్చింది, బావ ఎగిరాడు, ముందున్న సస్కటూన్ ఊరి జట్టు కుర్రాడి వీపు మీద మోకాలు ఆనింది, బంతి చేతుల్లో పడింది. పట్టుమని పాతికమంది లేని ఆ జనం ఒక్కసారిగా అరిచారు. బావ కిందకి దిగాడు. దిగి, బంతిని జాగ్రత్తగా గడ్డి మీద పెట్టి, బోర్లా పడున్న ఆ కుర్రాడి దగ్గరకు వెళ్ళి, వంగి వీపు తాకి రెండు కళ్ళకీ అద్దుకున్నాడు. ఈ లోపల అంపైర్ ఆట సాగమన్నాడు, అవతలివాడొకడు నేల మీద దిక్కులేకుండా ఉన్న బంతిని తీసుకుని, మైదానం ఆ చివరికి చేర్చి, ఆ దణ్ణానికి పుణ్యం తమకి ఆరు పాయింట్లని మాకు తెలియజేశాడు.

కోచ్ గారికి నేను వివరించాల్సి వచ్చింది. మనిషిలో దేవుడుంటాడు, కాలు తగిలితే దేవుడికి తగిలినట్టు అని నాకొచ్చిన ఇంగ్లిష్‌లో చెప్పాను. ఆయన బట్టతల మీద చెయ్యి వేసుకుని చాలాసేపు ఆలోచించి, ఆ దేవుడికి అభ్యంతరం లేకపోతే బంతిని చంకలో పెట్టుకుని ఒంటిచేత్తో దణ్ణం పెట్టుకోమని తీర్పు చెప్పాడు. అలా కుదిరింది. కొన్నాళ్ళకి ఆ జబ్బు జట్టంతటికీ అంటుకుంది. ప్రాక్టీసులో ఎర్ర గడ్డాల కెనడావాళ్ళు కూడా ఒకరినొకరు గుద్దుకుని, లేచి, తాకి కళ్ళకద్దుకునేవారు. బయటి జట్లవాళ్ళు మాత్రం అదేదో చేతబడి అనుకునేవారు. మేమూ కాదని చెప్పలేదు.

నా పని వేరు. పొడుగువాడు ప్రతి బంతినీ పట్టుకోలేడని కోచ్ గారు అనేవాడు. పట్టకపోయినా పర్లేదు, ఇద్దరు ముగ్గుర్ని తన చుట్టూ తిప్పుకుని, వాళ్ళనీ పట్టుకోనివ్వకుండా బంతిని నేల మీదకి తెస్తే చాలు, వాడి పని వాడు చేసినట్టే. అలా రాలినదాన్ని ఏరుకోవడానికి కింద ఒక పొట్టివాడు కావాలి. నేరేడు చెట్టెక్కి ఒకడు కొమ్మ ఊపుతుంటే కింద చొక్కా పట్టుకుని నిలబడేవాడు ఉంటాడు చూశారా, అదీ నా ఉద్యోగం. దానికి ఒకే ఒక నియమం, పైకి చూడకూడదు. పైకి చూసినవాడు కిందపడ్డదాన్ని అందుకోలేడు. కాబట్టి ఆ ఉద్యోగం వచ్చాక బావ ఎగిరిన ప్రతిసారీ నేను చూసింది బావ బూట్లు లేచిన గడ్డిని.

అయినా ఆ సాయంకాలాలు ఇప్పటికీ నిద్రలో వస్తాయి. ఈ దేశపు జూన్ మీకు తెలుసు, సూర్యుడు పడమటి కొమ్మ మీద కూర్చుని ఇంటికి వెళ్ళడం మర్చిపోతాడు. రాత్రి భోజనాల వేళ దాటినా గడ్డి మీద బంగారు రంగు వెలుతురు ఒలికి ఉండేది, పాప్లార్ చెట్ల దూది మంచులాగా, కానీ మంచుకున్న తొందర లేకుండా, పైకీ కిందకీ కాకుండా అడ్డంగా తేలిపోతూ ఉండేది. అందులోంచి ఎర్రటి బంతి గుండ్రంగా దొర్లుకుంటూ పైకి వెళ్ళి, ఒక క్షణం ఎటు వెళ్ళాలో తేల్చుకోలేనట్టు ఆగేది. ఆ ఆగినచోట బావ చేతులుండేవని మిగతావాళ్ళు చెప్పేవారు. పగలంతా ఆఫీసులో ఎవరి పొలాల కిందో వెళ్ళే గొట్టాల డ్రాయింగులు గీస్తూ, ఇంటికొచ్చి మరో గొట్టానికి తల కొట్టుకునే మనిషి, అక్కడ మాత్రం పూర్తిగా నిటారుగా నిలబడేవాడు. అదంతా ఎంతో అందంగా ఉండేది. దోమలు కూడా ఉండేవి.

మామయ్య ఆ ఏడాదే విజిటర్ వీసా మీద వచ్చాడు. అత్తయ్యకి విమానం అంటే భయం, ఆమె చెల్లెలింట్లో ఉండిపోయింది, ఈయన ఒక్కడే స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని, జూన్‌లో మంకీక్యాప్‌తో దిగాడు. బావ ఆయనకి అన్నీ చూపించాడు. రాకీ పర్వతాల దాకా డ్రైవ్ చేసి తీసుకెళ్ళాడు. ఆకాశాన్ని అడ్డుకుని నిలబడ్డ మంచుకొండల ముందు మామయ్య చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, బాగున్నాయి అన్నాడు. పొద్దున ఉప్మా గురించీ అదే గొంతుతో అన్నాడు. మా ఆఫీసు బిల్డింగ్ బాగుంది, మాల్ బాగుంది, బేస్‌మెంట్ చల్లగా బాగుంది. మెచ్చుకోలు ఆయన దగ్గర ఒకే సైజులో దొరికేది. బావ ప్రతిసారీ తల కొంచెం వంచుకుని, అవును నాన్నా అనేవాడు.

చివరికి మ్యాచ్‌కి తీసుకొచ్చాడు. మడత కుర్చీ వేసి, ఒళ్ళో ఫ్లాస్కు పెట్టి, బౌండరీ పక్కన కూర్చోబెట్టాడు. ఆ రోజు బావ రెండు మార్కులు పట్టాడు, రెండుసార్లూ మోకాలు ఎవరి వీపునో తాకింది, రెండుసార్లూ ఒంటిచేత్తో దణ్ణం పెట్టుకున్నాడు. ఇంటికొచ్చి భోజనానికి కూర్చుని, మామయ్య మజ్జిగన్నం దాకా వచ్చాడు. తర్వాత, గోంగూర పచ్చడి సీసా మూత పెడుతూ, చాలా మెల్లగా అన్నాడు.

"తెలియక తగిలితే కళ్ళకద్దుకుంటాం. నువ్వు చూసి చూసి ఎక్కుతున్నావు గదరా అబ్బాయ్. మరి ఆ దణ్ణం ఎందుకు?"

తిట్టినా బాగుండేది. బావ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నేను వాతావరణం తేలిక చేద్దామని, దణ్ణం అడ్వాన్సుగా పెట్టేస్తే సరిపోతుందేమో మామయ్యా, మ్యాచ్ మొదలవకముందే లైన్లో నిలబెట్టి అందరికీ ఒకేసారి అన్నాను. ఎవరూ నవ్వలేదు. నా జోకులకి ఎవరూ నవ్వకపోవడం కొత్తేమీ కాదుగానీ, బావ కూడా నవ్వకపోవడం అదే మొదలు.

ఆ తర్వాత మామయ్య చూస్తుండగా బావ కాళ్ళు నేల వదల్లేదు. బంతి వచ్చేది, ముందు ఎవడో ఒకడు నిలబడి ఉండేవాడు, బావ చేతులు పైకి చాచేవాడు, అంతే. మోకాలు లేచేది కాదు. ఆ చేతుల అడ్డంతో ఎదుటివాళ్ళకీ అందక బంతి కింద పడేది, కింద నేనున్నాను కదా, తీసుకుని తన్నేవాణ్ణి. ఆ రెండు వారాల్లో నేను వేసినన్ని గోల్స్ జీవితంలో మళ్ళీ వెయ్యలేదు. మామయ్య ఒంగోలు ఫోన్ చేసి, అల్లుడు చిరుతపులిలా ఆడుతున్నాడు, మనవాడు పక్కన నిలబడుంటాడు అని చెప్పడం నేను విన్నాను. కోచ్ గారు మాత్రం నన్ను పక్కకి పిలిచి, నువ్వు ఏరుకుంటున్న పళ్ళన్నీ ఎవరు రాలుస్తున్నారో ఆ ముసలాయనకి చెప్పావా అని అడిగాడు. చెబుదామనే అనుకున్నాను. చిరుతపులి అనిపించుకోవడం కొంచెం బాగుండి, వాయిదా పడింది.

మామయ్య తిరుగు ప్రయాణానికి ముందు శనివారం కాల్గరీతో మ్యాచ్. ఎడ్మంటన్‌వాడికి కాల్గరీతో మ్యాచ్ అంటే వియ్యాలవారితో పేకాట లాంటిది, ఓడితే ఏడాదంతా వినాలి. శుక్రవారం సాయంత్రం గ్రోసరీలకి వెళ్ళి వస్తూ, పార్కింగ్‌లో కారు ఆపి, ఇంజన్ తీసేశాక కూడా స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు బావ. ఆ కారులో బావ కూర్చుంటే మోకాళ్ళు స్టీరింగ్‌కి రెండుపక్కలా మిడతలా లేచి ఉండేవి. స్టీరింగ్ వదలకుండానే అన్నాడు, "ఒక్కటన్నా నాన్న చూడాలిరా. కొండలు నేను పెట్టినవి కావు గదా, ఆయన బాగున్నాయంటే నాకేం వస్తది? నాకు చేతనయింది ఇదొక్కటే. అదేమో ఆయన చూస్తుంటే రాదు."

నా దగ్గర దీనికి రెండు మూడు జోకులు తయారుగానే ఉన్నాయి. కానీ పాల డబ్బాలు బరువుగా ఉన్నాయి, లోపల పెడదాం పద అన్నాను.

శనివారం గాలి లేదు. దూది కదలకుండా ఉన్నచోటే వేలాడుతున్నట్టుంది. కాల్గరీవాళ్ళు బావని కాయడానికి ఫ్రిజ్ అంత మనిషిని పెట్టారు, ఎర్రటి మెడ, ఇటుకల్లాంటి భుజాలు, మాటలో మాత్రం చాలా నెమ్మది. నాలుగింట మూడు భాగాల ఆట అయ్యేసరికి బావ ఒక్క మార్కు పట్టలేదు, నేనూ రెండే గోల్స్ ఏరుకున్నాను, వెనకబడి ఉన్నాం. విరామంలో నీళ్ళు తాగుతుంటే మామయ్య చెయ్యి ఊపి పిలిచాడు. బావని కాదు, నన్ను.

వెళ్ళాను. మైదానం వైపు చూస్తూనే అడిగాడు, "అల్లుడూ, నేను రాకముందు వాడు ఇట్లాగే ఆడేవాడా?"

వాయిదా వేసినదంతా అప్పుడు చెప్పాను. నా గోల్స్ అన్నీ బావ చేతుల కింద రాలినవేనని, ఆయన లేనప్పుడు బావ ఎలా ఎగిరేవాడో కోచ్ గారూ మిగతావాళ్ళూ చెప్పుకునేవన్నీ, ఎగరడం అనేది ఈ ఆటలో మొక్కులాంటిదనీ, ముందున్నవాడు వీపు ఇవ్వడం కూడా అందులో భాగమేననీ. మళ్ళీ ఎక్కడ బరువెక్కుతుందోనని, మీరు వచ్చాక కెనడాలో గురుత్వాకర్షణ పెరిగింది మామయ్యా అని ముగించాను. ఆయన నవ్వలేదు. ఫ్లాస్కు మూత బిగించాడు. లేచి నిలబడ్డాడు. కుర్చీని రెండు చేతులా ఎత్తి, మైదానానికి వీపు పెట్టి, పార్కింగ్ స్థలం వైపు తిప్పి వేసుకున్నాడు. మంకీక్యాప్ సరిచేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, వరసగా నిలబెట్టి ఉన్న కార్లని మంచుకొండల్ని చూసినంత శ్రద్ధగా చూస్తూ కూర్చున్నాడు.

జట్టులో అందరూ ఆయనకి కోపమొచ్చిందనుకున్నారు. కోచ్ గారు ఎండకి గొడుగు కావాలేమో కనుక్కోమన్నాడు. బావ మాత్రం నీళ్ళ సీసా పట్టుకుని ఆ మంకీక్యాప్ వెనకభాగం వైపు చాలాసేపు చూశాడు. తర్వాత సీసా కింద పెట్టి, వెళ్ళి తన చోట నిలబడ్డాడు.

చివరి భాగంలో, ఎంతసేపయ్యాకో చెప్పలేను, మైదానం మధ్యలోంచి ఎవరో బంతిని బలంగా తన్నారు. అది లేవడం నేను చూశాను. అంతవరకే చూశాను. తర్వాత నా ఉద్యోగధర్మం ప్రకారం తల దించుకుని, గడ్డి మీద రాలే పండు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. నా ముందు బావ బూట్లు రెండూ ఉన్నాయి. తర్వాత ఒకటుంది. తర్వాత లేవు. ఫ్రిజ్ మనిషి గొంతులోంచి బస్తా దించినప్పటి చప్పుడొకటి వచ్చింది. ఆ తర్వాత కాసేపు ఏమీ లేదు. నా కళ్ళ ముందు నుంచి ఒక దూది పింజ అడ్డంగా వెళ్ళింది, దాని నీడ గడ్డి మీద వెళ్ళింది, నేను దాన్నే చూస్తున్నాను. అప్పుడు పైన ఎక్కడో, చాలా పైన, తోలు అరచేతుల్లో పడిన చప్పుడు వినిపించింది. పళ్ళేమీ రాల్లేదు.

నేను తలెత్తేసరికి బావ కిందకి వచ్చేస్తున్నాడు. జనం అరుస్తున్నారు. ఒక కుక్క కూడా అరిచింది. బావ నేల మీద కాళ్ళు ఆనించి, అలవాటు కొద్దీ ఒక చెయ్యి బంతి మీంచి తీసి, సగం దూరం ఫ్రిజ్ మనిషి వైపు పంపి, అక్కడ ఆపి, తిరిగి బంతి మీద పెట్టుకున్నాడు. పెట్టుకుని నిటారుగా వెనక్కి నడిచాడు. మామయ్య కుర్చీ కదల్లేదు.

ఇక్కడ ఆరు పాయింట్లు రావాలి. బావ తన్నిన బంతి స్తంభానికి తగిలింది. స్తంభానికి తగిలితే ఒకటే. మ్యాచ్ ఓడిపోయాం, చాలా సుఖంగా ఓడిపోయాం, ఆ ఏడాదంతా విన్నాం కూడా.

ఆట అయ్యాక మామయ్య కుర్చీ మడిచి నా చేతికిచ్చి, ఎవరి మీద ఎక్కాడు అని అడిగాడు. చూపించాను. ఆ మనిషి గడ్డి మీద కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు. ఆ మనిషి కూర్చుంటే, నిలబడ్డ మామయ్యా ఆయనా సమానంగా ఉన్నారు. మామయ్య ఆయన దగ్గరకు వెళ్ళి, వేళ్ళ చివరలతో ఆ ఇటుక భుజాన్ని తాకి, రెండు కళ్ళకీ అద్దుకున్నాడు. కొడుకు ఆపేసిన సగం దణ్ణాన్ని తను పూర్తి చేశాడు. ఆ మనిషి నావైపు చూశాడు, అనువదించమన్నట్టు. నేను కుర్చీని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాను.

తర్వాత మామయ్య ఎంత ఎత్తు ఎగిరాడు అల్లుడూ అన్నాడు. నేను కిందకి చూస్తున్నానని నిజం చెప్పాను. అయితే ఈయన్ని అడుగు అన్నాడు. అడిగాను. ఫ్రిజ్ మనిషి బుర్ర గోక్కుని, నేనూ చూళ్ళేదు సార్, నేను కింద కదా ఉన్నాను, బరువు మాత్రం తెలిసింది అన్నాడు. అది తెలుగులో చెప్పాను.

"బరువు తెలిసిందంటనా?" అన్నాడు మామయ్య. అని, ఆ మాటని జేబులో పెట్టుకున్నట్టు ఒకసారి స్వెట్టర్ సర్దుకున్నాడు.

కారులో నేను వెనక కూర్చున్నాను. వంతెన మీద, కింద నది మీద ఇంకా పూర్తిగా ఆరని వెలుతురు ఉన్నచోట, మామయ్య కిటికీలోంచి బయటికి చూస్తూనే, పైన ఎట్లా ఉంటదిరా అని అడిగాడు. ఇంట్లో రోజుకి పది మాటలు మాట్లాడే బావ అప్పుడు మొదలుపెట్టాడు. పైకి వెళ్ళాక చప్పుడు ఆగిపోతుందట, బంతి మీద కుట్లు కూడా లెక్కపెట్టుకోవచ్చట, చెట్ల అవతల నది వంపు కనిపిస్తుందట. ఇంకేం కనబడ్డది అన్నాడు మామయ్య.

"కార్లు కనబడ్డయి. వాటి ముందు నీ టోపీ కనబడింది నాన్నా. వెనక నుంచి."

మామయ్య ఊఁ అన్నాడు. ఇంటి దగ్గర దిగేటప్పుడు, బాగుంది అన్నాడు. అదే సైజు. కానీ బావ ఆ రాత్రి మెట్లు దిగుతూ, గొట్టానికి తల కొట్టుకుని కూడా నవ్వాడు.

ఇదంతా జరిగి పదేళ్ళు దాటింది. బావ పడమటి తీరంలోని సర్రీకి వెళ్ళిపోయాడు, ఒక మోకాలికి ఆపరేషన్ అయింది, ఇప్పుడు మెట్లెక్కేటప్పుడే ఆలోచించుకుంటాడు. కోచ్ గారు వాళ్ళ దేశం తిరిగి వెళ్ళాడు. ఆ పార్కు ఉంది, చెట్లు ఉన్నాయి, దూది కూడా టైముకి వస్తుంది. మామయ్య ఒంగోల్లో, చూడని ఆ మార్కుని చూసినట్టు చెబుతుంటాడు. మొదట్లో మనవాడు వాడి భుజం ఎత్తు ఎగిరాడని చెప్పేవాడు, తర్వాత తల మీదుగా అన్నాడు, ఈమధ్య నది అవతలి ఒడ్డు కనబడేంత ఎత్తు అయింది. ముత్తాత పక్కన నిలబెట్టడానికి ఇంకో తరం చాలు. ఫొటో లేదు, వీడియో లేదు, మా ఇంటివాళ్ళలో చూసినవాళ్ళు లేరు. ముత్తాతకీ అదే కదా కలిసొచ్చింది.

ఇప్పుడు శనివారాలు నేనే మైదానం పక్కన నిలబడుతున్నాను. మా అమ్మాయి సాకర్ ఆడుతుంది. మా బ్యాచ్ తల్లిదండ్రులందరం బౌండరీ పొడుగునా వరసగా నిలబడి ఫోన్లు ఎత్తి పట్టుకుంటాం, ఒక్క తన్ను కూడా పోనివ్వం, అన్నీ క్లౌడ్‌లో భద్రంగా ఉంటాయి, మళ్ళీ ఎవరూ చూడరు. పిల్లలు బంతి తన్నేముందు ఒకసారి మావైపు చూస్తారు, తన్నాక మళ్ళీ చూస్తారు. కుర్చీ అటు తిప్పుకుని కూర్చునే మనిషి ఆ వరసలో ఒక్కరూ ఉండరు. నేనూ తిప్పుకోను. చాలాసార్లు అనుకున్నాను, మెడ తిరగదు.

అలారం సంగతి మర్చిపోలేదు. చివరికి మా అమ్మాయిని భుజాల మీద ఎక్కించుకున్నాను. మెట్టు మీద గోడ పట్టుకుని నిలబడితే, తను లేచి, ఒక కాలు నా ఎడమ భుజం మీద, ఒక కాలు కుడి భుజం మీద వేసుకుని, చేతులు పైకి చాచింది. మడమ చెవికి తగిలితే సారీ నాన్నా, డోంట్ మూవ్ అంది. కదల్లేదు. పైకి చూడటానికి లేదు, చూస్తే ఇద్దరం పడతాం. కింద మెట్టు మీద తివాచీని చూస్తూ నిలబడ్డాను. పైన మూత తిరిగిన చప్పుడైంది, పాత బ్యాటరీ మెట్ల మీద పడిన చప్పుడైంది. కొత్తది పట్టిందా అని అడిగాను. ఆల్మోస్ట్ అంది, ఇంకాస్త మునివేళ్ళ మీద లేచింది.

ఎంత ఎత్తు లేచిందో నేను చూళ్ళేదు. బరువు మాత్రం తెలిసింది.